తొందరలో అమ్మిన ధర

బ్యాంకులో ఆమెకు తక్కెడమ్మ అని పేరు. ఎదురుగా ఎవరూ అలా పిలవరు గానీ ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఆమె పని ధర కట్టడం. బ్యాంకు చేతిలో బాండ్లుంటాయి, షేర్లుంటాయి, ఎవరెవరి కంపెనీల్లోనో వాటాలుంటాయి. మూడు నెలలకోసారి వాటిలో ప్రతిదానికీ ఆ రోజున ఎంత విలువో తేల్చి లెక్కల్లో చూపాలి. కొన్నప్పటి ధర చెల్లదు. రేపు వస్తుందని ఆశపడే ధర అసలే చెల్లదు. ఈ రోజు అమ్మితే ఎంత వస్తుంది అన్నదే ప్రశ్న. దాన్ని వాళ్ళ విభాగంలో ఫెయిర్ వాల్యూ అంటారు.

రోజూ మార్కెట్లో చేతులు మారే షేర్లతో పేచీ లేదు. తెర మీద ధర కనిపిస్తుంది, రాసుకుంటే సరి. అలా అమ్ముడుపోనివాటికి, వాటిని పోలినవి ఎంతకు పోయాయో చూస్తారు. పోలినవి కూడా దొరక్కపోతే ఆ వ్యాపారం ముందు ముందు ఎంత సంపాదిస్తుందో అంచనా వేసి, దాన్నిబట్టి ధర కడతారు. ఈ చివరి రకం దగ్గర మనిషి బుద్ధి పనిచేయాలి. బుద్ధి పనిచేసే చోటికి మనసు కూడా పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

ఆమె తోడికోడలిదీ అదే బ్యాంకు. చేర్పించింది ఈమే. మరిది పెళ్ళైన కొత్తలో ఆ పిల్ల ఎవరో చిన్న ఆడిటర్ దగ్గర పనిచేస్తుండేది. బ్యాంకులో ఖాళీ ఉందని చెప్పి, దరఖాస్తు పెట్టించి, సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఇంటర్వ్యూకి పాఠాలు చెప్పింది.

“రేపటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారనుకో, నీ బీరువా ఎంతకి అమ్ముతావు?” అని అడిగింది ఒకరోజు.

“ఎంతకి అడిగితే అంతకి ఇచ్చేస్తా.”

“మరి అది బీరువా ధరేనా?”

“కాదక్కా. అది నా కంగారు ధర.”

“అంతే. అమ్మేవాళ్ళకి తొందర ఉండకూడదు, కొనేవాళ్ళకి మొహమాటం ఉండకూడదు. ఇద్దరూ అన్నీ తెలిసి ఒప్పుకుంటే అదీ ధర.”

జవాబు అంత చక్కగా చెప్పినందుకు ఆ రోజు ఆమెకు ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు.

పెట్టుబడుల విభాగంలో చేరిన చిన్నకోడలు, ఎవరూ పట్టించుకోని ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీని వెతికి పట్టుకుని, అందులో బ్యాంకు చేత వాటా కొనిపించింది. చూస్తుండగానే ఆ కంపెనీ గోదాములు రెండింతలయ్యాయి. బ్యాంకు పత్రికలో ఆమె ఫోటో వేశారు. అత్తగారు ఆ పేజీ కత్తిరించి కింది వాటాలో ఫ్రిజ్ తలుపుకి అంటించింది. కింద ఉండేది పెద్దకోడలి సంసారం, పైన చిన్నకోడలిది. పొద్దున్నే పాలకోసం వెళ్తే పెద్దకోడలికి ఆ నవ్వుమొహమే ఎదురొచ్చేది. మంచినీళ్ళ సీసా కోసం వెళ్తే మళ్ళీ అదే. పలకరించకపోతే బాగుండదన్నట్టు చూసేది ఆ ఫోటో.

వచ్చిన ప్రతి చుట్టాన్నీ అత్తగారు ఫ్రిజ్ దాకా నడిపించేది. “మా చిన్నమ్మాయి. పత్రికలో వేశారు.”

“పెద్దమ్మాయి కూడా అక్కడే కదండీ?” అని ఎవరైనా అడిగితే, “ఆ, అదీ అక్కడే. ఏవో లెక్కలు చూస్తుంది,” అనేది. పెద్దకోడలి సర్వీసంతా ఆ ‘ఏవో’లో కొట్టుకుపోయేది.

“ఏకు మేకవడమంటే ఇదేనేమో,” అంది ఒకసారి భర్తతో.

“మేకా? ఎక్కడ?” అన్నాడాయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

“గోడకి. కొట్టాలి.”

“ఆదివారం కొడతాలే.”

ఆ ఏడాది లెక్కలు ముగించే సమయానికి ఆ కోల్డ్ స్టోరేజీ వాటాకి ధర కట్టే పని ఆమె బల్ల మీదికి వచ్చింది. వాళ్ళ విభాగం చీఫ్, రిటైర్‌మెంటుకి దగ్గరపడిన పెద్దావిడ, ఆమెను పిలిచి అడిగింది. “మీ ఇంటి పిల్ల తెచ్చిన పెట్టుబడి కదా. ఇంకొకరికి ఇవ్వనా?”

“తక్కెడకి చుట్టరికం ఏముంటుంది మేడమ్?”

చీఫ్ నవ్వి ఆ ఫైలు ఆమెకే వదిలేసింది. అప్పటికే పెట్టుబడుల విభాగానికి కొత్త అధిపతిగా చిన్నకోడలి పేరు వినిపిస్తోంది. అదే జరిగితే నిన్నగాక మొన్న భోజనాల బల్ల దగ్గర పాఠం చెప్పించుకున్న పిల్ల హోదాలో ఆమెను దాటిపోతుంది.

కాగితాల మీద ధర కట్టడం ఆమె పద్ధతి కాదు. ఊరి చివర ఉన్న గోదాముకి వెళ్ళింది. మేనేజరు ఆమెకు దళసరి కోటు ఇచ్చి, తానూ ఒకటి తొడుక్కుని, గోడంత మందం ఉన్న తలుపు జరిపాడు. లోపల ఊపిరి పొగలా కనిపించింది. కప్పు దాకా పేర్చిన బుట్టలు, గొట్టాల మీద తెల్లగా పేరుకున్న మంచు, తడిసిన చెక్క వాసన. ఖాళీ అరన్నది కనపడలేదు. పక్కగదిలో కంప్రెసర్ల హోరుకి మేనేజరు దాదాపు అరుస్తూ చెప్పాడు, వచ్చే పంటకి కూడా చోటు ముందే మాట్లాడుకున్నారని.

బయటికొచ్చి కోటు విప్పుతుండగా ఆమె అడిగింది. “పోయిన నెల మీ భాగస్వాముల్లో ఒకాయన తన షేర్లు అమ్ముకున్నారట?”

“అవునమ్మా. డెబ్బై చొప్పున ఇచ్చేశాడు పాపం. ఏదో దావా ఓడిపోయాడు. వారంలో డబ్బు కట్టకపోతే ఇల్లు వేలానికి పోతుంది. గొంతు మీద కత్తి పెడితే ఎవరైనా ఎంతకైనా అమ్ముతారు కదమ్మా. లేకపోతే ఆ ధరకి ఎవరిస్తారు?”

ఆమె తలూపింది. చిన్నకోడలి అంచనా షేరుకి నూట ఇరవై. ఆఫీసుకొచ్చి తాను కూడా లెక్క వేసింది. నూట పదిహేను వచ్చింది. మళ్ళీ వేసింది. అంతే వచ్చింది. పిల్ల పని బాగానే నేర్చుకుంది. బాగా నేర్చుకుందని తేలేసరికి కడుపులో భగ్గుమంది. తప్పు చేసి ఉంటే క్షమించగలిగేదేమో.

సమీక్ష సమావేశంలో పొడవాటి బల్లకి అటు చీఫ్, ఇద్దరు పెద్ద అధికారులు, ఇటు ఈమె కూర్చున్నారు. “ఈ షేర్లు ఈమధ్య నిజంగా చేతులు మారిన ధర డెబ్బై,” అంది. “కళ్ళెదుట అమ్మకం కనపడుతుంటే అంచనాలతో పనిలేదని నా అభిప్రాయం.”

“అమ్మినాయనకి ఏదైనా తొందర ఉందా?” అని అడిగింది చీఫ్.

“నాకు తెలిసి లేదు మేడమ్.”

తక్కెడమ్మ మాటకి ఎదురుమాట ఎవరు చెప్తారు? డెబ్బై అని రాసుకున్నారు. ఆ దెబ్బతో బ్యాంకు లాభం తగ్గింది. చిన్నకోడలి ప్రమోషన్ మాట పక్కకి పోయింది. ఇంకో కంపెనీ వాళ్ళు ఎనభైకి మొత్తం వాటా కొంటామని వస్తే, వచ్చిందే చాలు, వదిలించుకుందాం అన్నారు బ్యాంకు పెద్దలు.

ఆ రోజు ఆమెకు అన్నం రుచిగా ఉంది. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఫ్రిజ్ మీద ఫోటో లేదు. “పాతబడిపోయిందత్తయ్యా,” అని చిన్నకోడలే వచ్చి ఊడదీసుకుందట. ఆ తలుపు మీద ఇంకేమీ లేకపోవడం చూసి పెద్దకోడలు సంతోషించింది. కాకపోతే ఆ పూట నీళ్ళ సీసా తీసి, ఎందుకు తీసిందో మర్చిపోయి, తలుపు తెరిచే ఉంచి నిలబడిపోయింది.

మర్నాడు చీఫ్ పిలిచింది. “మీ తోడికోడలికి నీ ధర మీద అభ్యంతరం చెప్పే హక్కుంది. గడువు రేపటితో సరి. రాసివ్వమని నేనే అడిగాను. ఏమందో తెలుసా?”

“ఏమంది?”

“‘ధర కట్టింది మా అక్క. నాకు ఈ పని నేర్పింది తనే. తను డెబ్బై అందంటే నా లెక్కలోనే ఎక్కడో తప్పుంది’ అంది. అభ్యంతరం చెప్పనంది.”

పెద్దకోడలు ఇవతలికొచ్చి మెట్ల దగ్గర నిలబడింది. మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు. మంచితనంలో కూడా తనను దాటి వెళ్ళిపోయిందే అన్న మంట. ఆ మంటని చూసుకుని ఆమెకే భయమేసింది. ఇక దీనికి అంతు లేదనిపించింది. ఆ పిల్ల ఏం చేసినా, చేయకపోయినా, తాను ఇలా కాలుతూనే ఉంటుంది. ఈలోపు గోదాములు చవగ్గా పరాయివాళ్ళ పాలవుతాయి.

వెనక్కి వెళ్ళి చీఫ్ గది తలుపు తోసింది.

“ఆ డెబ్బై ధర కాదు మేడమ్. ఆయన ఇల్లు వేలానికి పోతుంటే అమ్ముకున్నాడు.”

“ఎప్పుడు తెలిసింది?”

“సమావేశానికి ముందే.”

“నేను అడిగాను కదా.”

“అడిగారు. లేదన్నాను.”

“ఎందుకు?”

“ఓర్వలేక.”

చీఫ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఇన్నేళ్ళలో ఈ గదిలో చాలా సాకులు విన్నాను. లెక్క తప్పిందనేవాళ్ళు, కంప్యూటర్ తప్పనేవాళ్ళు. ఈ కారణం మాత్రం ఎవరూ నోటితో చెప్పలేదు. అది ఎవరిలోనూ లేక కాదు.” కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ అంది, “ఆ పని నీకు ఇవ్వడం నా తప్పు కూడా. నా తప్పు నేను చెప్పుకుంటాను. నువ్వు మాత్రం ఇక ధరలు కట్టడానికి లేదు.”

“తెలుసు మేడమ్.”

ఆ సాయంత్రమే పై వాటాకి వెళ్ళింది. చిన్నకోడలు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. “రా అక్కా,” అని కుర్చీ మీది బట్టలు తీసింది. ఈమె కూర్చోలేదు. గోదాము దగ్గర విన్నదీ, సమావేశంలో అన్నదీ, చీఫ్‌తో చెప్పినదీ వరసగా చెప్పింది.

“మరి నీ లెక్కలో ఎంత వచ్చింది?”

“నూట పదిహేను.”

“అయితే నేను ఐదు ఎక్కువేశానన్నమాట,” అంది చిన్నకోడలు, ఇంకా లెక్కలోనే ఉండి. అప్పుడు అర్థమైంది. ఇస్త్రీపెట్టెని నిలబెట్టి స్విచ్ ఆపింది. “ఎందుకక్కా?”

“నీ పేరు నలుగురి నోటా వింటుంటే తట్టుకోలేకపోయాను.”

“నేను ఆ లెక్క చేసి చేసి చచ్చిపోయాను. నాకే బుర్ర లేదనుకున్నా. ఉద్యోగం మానేస్తానని మీ మరిదిగారితో కూడా అన్నా.” గొంతు పెంచలేదు. “ఆ తొందర అమ్మకం సంగతి నాకు తెలీక కాదు. ఎవరో అన్నారు. అక్క కనుక్కోకుండా రాయదులే అనుకున్నా.”

“తప్పైంది.”

“నువ్వు కిందికెళ్ళు. ఇప్పుడు నిన్ను అక్కా అని పిలవడం నావల్ల కాదు.”

ఇంట్లో మాటలు తగ్గాయి. పైవాళ్ళు కిందికి రావడం మానేశారు. విషయం అత్తగారిదాకా పోకుండా ఉంటుందా? ఒక మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆవిడే ఎత్తింది.

“నీకెందుకే అంత కడుపుమంట? నేను నిన్నేమన్నా తక్కువ చేశానా?”

“ఎవరి దగ్గరైనా నా గురించి ఒక్క మంచిమాట చెప్పారా అత్తయ్యా?”

అత్తగారు మడత సగంలో ఆపి నిజంగానే ఆలోచించింది. “లేదు,” అంది చివరికి. “వచ్చిన నాటి నుంచి ఇల్లు నీ చేతిలోనే పెట్టాను. నువ్వు బాగా చేస్తావని నాకు తెలుసు. తెలిసినదాన్ని పనిగట్టుకుని చెప్పుకోవడమేంటి అనుకున్నా.”

“పెరటి చెట్టు మందుకి పనికిరాదని అందుకే అన్నారు.”

“నాకు చెప్పడం రాక చెప్పలేదు, అంతే.” ఇంకో దుప్పటి అందుకుంటూ అంది, “అయినా నువ్వు చేసింది తప్పే.”

“తప్పే అత్తయ్యా.”

దుప్పటి రెండో కొస పెద్దకోడలు పట్టుకుంది.

కొత్త అధికారి వచ్చి మళ్ళీ లెక్క కడితే నూట పన్నెండు తేలింది. బ్యాంకు వాటా అమ్మలేదు. పెద్దకోడలికి మెమో ఇచ్చి, బ్రాంచీల అద్దె ఒప్పందాలు చూసే విభాగానికి మార్చారు. తక్కెడమ్మ అన్న పేరు దానంతటదే పోయింది. కొన్ని నెలలకి చిన్నకోడలిని అధిపతిని చేస్తున్నట్టు హాల్లో ప్రకటించారు. అందరితోపాటు ఈమె కూడా చప్పట్లు కొట్టింది. లోపల చురుక్కుమంది. అది పోతుందని ఆమె ఇప్పుడు అనుకోవడం లేదు. వచ్చినప్పుడు గుర్తుపట్టి, దాన్ని పక్కన కూర్చోబెట్టి పని చూసుకోవడం మాత్రం అలవాటు చేసుకుంటోంది.

ఆ తర్వాతి వారం మధ్యాహ్నం ఎవరో వచ్చి బల్ల ముందు నిలబడితే తల ఎత్తింది. చిన్నకోడలు. చేతిలో ఫైలు.

“ఒక సందేహం. మా విభాగం పక్క బిల్డింగుకి మారాలట. ఇప్పుడున్న అంతస్తు అద్దె ఒప్పందం మధ్యలో వదులుకోవచ్చా? మిమ్మల్నే అడగమన్నారు.”

ఒప్పందం తీయించి, ఏ షరతు ఏం చెప్తుందో, ఎవరికి ఎన్ని నెలల ముందు చెప్పాలో విడమర్చి చెప్పింది. సగంలో చిన్నకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. అన్నీ రాసుకుని, ఫైలు మూసి, వెంటనే లేవలేదు.

“మీరు తిన్నారా?” అని అడిగింది.

ఆ ‘మీరు’ ముల్లులా గుచ్చుకుంది. “ఇంకా లేదు,” అంది పెద్దకోడలు.

“నేనూ లేదు. క్యాంటీన్ మూసేస్తారు.”

ఇద్దరూ లేచారు. లిఫ్టు రావడం ఆలస్యమైతే మెట్లు దిగి వెళ్ళారు.