వెదురు గొట్టం

హార్స్లీ హిల్స్ రిసార్టులో పనిచేసే గంగులప్ప వదిన పుష్పావతి తెచ్చిన నల్ల చాక్లెట్‌లో సగం పలకను చిట్టి తినేసింది. చిట్టి మూడు కిలోల కుక్క; చాక్లెట్ కుక్కలకు విషం. గంగులప్పకు చనిపోయిన భార్య నాగవేణి వదిలిపోయిన తోడు అదొక్కటే.

ఆవులకు మందు తాపే వెదురు గొట్టంలో ఉప్పునీళ్లు నింపుకొని పుష్పావతి పరుగున వచ్చింది.

"గట్టిగా పట్టుకోప్పా, పోసి కక్కిస్తాం."

గంగులప్ప కుక్కను చంకలోకి లాక్కున్నాడు. "దాన్ని తాకొద్దు వదినా. పుంగనూరు డాక్టరుకు ఫోన్ చేసినా. నోట్లో ఏమీ పోయకుండా, చాక్లెట్ కాగితం తీసుకొని బిరీన రమ్మన్నాడు."

"కుక్కకు డాక్టరా! ఊరంతా నవ్వతాది."

"నవ్వనీ. నాగవేణికి గుండె నొస్తాంటే గ్యాసని సోడా తాపిస్తివి. ఆ పొద్దు నీ మాట ఇంటిని. ఇంక ఇనను."

అతను బండి తీశాడు.

పశువుల ఆసుపత్రిలో ఆవులు బారులు తీరి ఉన్నాయి. గంగులప్ప వాటిని దాటుకొని వెళ్లి కాగితాన్ని బల్లమీద పెట్టాడు.

"మూడు కిలోల కుక్క, సగం పలక. తిని ఇంకా గంట కాలేదు సార్."

డాక్టరు కాగితం చదివి సూది వేశాడు. కాసేపటికి చిట్టి నల్లగా కక్కింది. సాయంత్రందాకా ఉంచుకొని, భయం లేదని పంపించాడు.

ఇంటికి రాగానే గంగులప్ప గోడకు ఆనించిన గొట్టాన్ని విరిచి పొయ్యిలో పెట్టాడు.

"అయ్యో, ఆవులకేం చేస్తావప్పా?" అంది పుష్పావతి.

"ఆవులకూ డాక్టరు ఉండాడు."