‘బొందలదిబ్బలో బారసాల’ అనే నేను

నేను ఒక దెయ్యాల నవలను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. కావ్యాలూ ప్రబంధాలూ అద్దాల బీరువాల్లో మడిబట్ట కట్టుకుని కూర్చుంటాయి. కూర్చోనివ్వండి. వాటిని చివరిసారి ఎవరు తెరిచారో అవే చెప్పాలి. నా ఒంటినిండా మాత్రం మనుషులే. పులిహోర నూనె, పసిబిడ్డ కక్కిన పాలు, దోమను కొట్టిన నెత్తురు, భయంతో ఎవరో కొరికేసిన మూల, అన్నీ నా మీదే ఉన్నాయి. నన్ను ఒక్కరాత్రిలో ముగించి, తెల్లారేసరికి ‘చెత్త పుస్తకం’ అన్నవాళ్లు లెక్కలేనంతమంది. చెత్త అయితే చివరిదాకా ఎందుకు చదివారో ఒక్కరూ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో విజయవాడలో, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిన సందులో, ఒక ప్రెస్సులో పుట్టాను. కాగితం నాసిరకం. పుట్టిననాడే ముసలిదానిలా పసుపుపచ్చగా ఉన్నాను. పేరు ‘బొందలదిబ్బలో బారసాల’. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. నన్ను రాసినాయన ‘కరాళ’ అని కలంపేరు పెట్టుకున్నాడు గానీ బల్లి కనబడితే కుర్చీ ఎక్కే మనిషి. అట్ట మీద బొమ్మ వేసినాయన కథ చదవలేదు. “దెయ్యం ఆడదా, మగదా?” అని ఒక్కమాట అడిగి, జుట్టు విరబోసుకున్న ఆడమనిషికి ఇంతింత కోరలు పెట్టి పంపించాడు.

నా కథలో దెయ్యానికి కోరల్లేవు. కానుపులో ప్రాణం పోయిన ఒక తల్లి. ‘తల్లిని మింగింది’ అని ఆ పసిగుడ్డుకు ఎవరూ పేరు పెట్టరు. ఆ తల్లి లేచివచ్చి, బిడ్డను ఎత్తుకెళ్లి, ఊరి చివర శవాల్ని పూడ్చే బొందలదిబ్బలో తానే బారసాల చేస్తుంది. బియ్యంలో వేలితో పేరు రాసి, బిడ్డను మళ్లీ ఉయ్యాలలో పడుకోబెట్టి, కోడి కూయకముందే వెళ్లిపోతుంది. ఆమెను ఎవరూ కాల్చరు, సీసాలో బంధించరు. చివర్లో మంత్రగాడు గెలవకపోతే పుస్తకం అమ్ముడుపోదని పబ్లిషరు మొత్తుకున్నాడు. “తల్లి మీద గెలిచే మంత్రగాణ్ణి నాకు చూపించండి, రాస్తాను” అన్నాడట బల్లికి భయపడే ఆ మనిషి. ఆ ఒక్కమాటకి నేను ఆయనకు జన్మంతా రుణపడి ఉన్నాను.

అక్కణ్ణించి తెనాలి వెళ్లాను. అద్దెకు నవలలిచ్చే బడ్డీకొట్టు. కొట్టాయన నా వీపుకు గోనె కుట్టే పురికొసతో కుట్లు వేశాడు. అవి ఇప్పటికీ ఊడలేదు. నేను కూరగాయల సంచుల్లో బెండకాయల కింద ఇళ్లకు వెళ్లేదాన్ని. ఇలాంటి పుస్తకాల వల్లే సమాజం పాడైపోతోందని సభల్లో గొంతు చించుకునే ఒక పెద్దమనిషి పనిమనిషిని పంపించి నన్ను రెండుసార్లు తెప్పించుకున్నాడు. రెండోసారి పదిరోజులు ఆలస్యంగా పంపాడు. తర్వాత ఇంటింటికీ టీవీ సీరియళ్లొచ్చాయి. బడ్డీకొట్టు సెల్‌ఫోన్ రీచార్జి కొట్టయింది. నన్ను సంచిలో కుక్కారు. సంచిలో ఎన్నేళ్లున్నానో నాకు తెలియదు. చీకట్లో క్యాలెండరు ఉండదు.

మళ్లీ వెలుతురు చూసింది గుంటూరులో, మస్తాన్ పరిచే ఆదివారం పేవ్‌మెంటు మీద. మూతబడిన సినిమాహాలు గోడవారన ప్లాస్టిక్ పట్టా వేసి, పాత పుస్తకాలు పేరుస్తాడు. ఆ రోజే నా మీద ఒకేసారి రెండు చేతులు పడ్డాయి.

ఒకటి హైమావతిది. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఒక గది నిండా దెయ్యాల నవలలే. రెండోది దావీదు మాస్టారిది. మునిసిపల్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. ఎవరికీ గుర్తులేని సినిమాలంటే ఆయనకు ప్రాణం. వారం ఆడి పోయినవి, ప్రింట్లు కూడా మిగలనివి, వాటి కథలన్నీ ఆయన నాలుక మీద ఉంటాయి.

“అమ్మా, ముందు నేను చెయ్యేశాను.”

“మీరు చెయ్యేశారు, నేను పట్టుకున్నాను. వదలండి.”

“ఈ నవలనే దొంగతనంగా సినిమా తీశారండీ. ‘నల్ల ఉయ్యాల’ అని. దానికోసం వెతుకుతున్నాను.”

హైమావతి చెయ్యి ఒక్కసారి సడలింది. “మీరు చూశారా అది?”

“చింపమాకండయ్యా! చెరో వారం ఉంచుకోండి. లాక్కుంటే ఇద్దరికీ అట్టలే మిగుల్తాయి” అన్నాడు మస్తాన్.

అలా నాకు రెండిళ్లు ఏర్పడ్డాయి. ఒక వారం ఆమె దగ్గర, ఒక వారం ఆయన దగ్గర. ఆదివారం పొద్దున మస్తాన్ పట్టా పక్కన టీ తాగుతూ నన్ను చేతులు మార్చుకునేవాళ్లు. చేతులు మారడానికి క్షణం చాలు. వాళ్లకు మాత్రం ఎండ నెత్తికెక్కేదాకా పట్టేది. ఒక సినిమాలో రాక్షసుడి వీపున జిప్పు కనబడిందని ఒకరంటే, ఇంకోదాంట్లో విలన్ మీసం ఊడి కాఫీలో పడినా కెమెరా ఆపలేదని ఇంకొకరు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వేవాళ్లు. ‘నల్ల ఉయ్యాల’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోయేది.

“చివర్లో మంత్రగాడు ఆమెను కాల్చేశాడు సిస్టరమ్మా. నాకు బాగా గుర్తు. తెరంతా ఎర్రగా అయిపోయింది.”

“కాదు మాస్టారూ. బిడ్డను ఎత్తుకుని పొలాలకు అడ్డంపడి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నా కళ్లతో చూశాను.”

“సెన్సారు వాళ్లు ఒప్పుకోరమ్మా. దెయ్యం గెలవకూడదు.”

“బిడ్డను ముట్టుకోకుండానే పోయిన తల్లుల్ని ఎంతమందిని చూశానో మీకు తెలుసా? గుడ్డ కప్పి పక్కగదిలోకి నేనే తోసుకెళ్లేదాన్ని. ఇంటికొచ్చి ఇట్టాంటి పుస్తకం తెరిస్తే కనీసం ఇందులోనైనా లేచి వచ్చేవాళ్లు. నన్ను భయపెట్టింది దెయ్యాలు కాదు మాస్టారూ. లేచి రాకపోవడం.”

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ వారం నేను ఆయన ఇంటికి వెళ్లాల్సింది. “మీ దగ్గరే ఉండనివ్వండి” అన్నాడు.

ఇక మనుషుల సంగతి. ఒక ఆడా ఒక మగా తల వంచుకుని ఏడుస్తుంటే లోకానికి అభ్యంతరం ఉండదు. కలిసి నవ్వితే మాత్రం పంచాయితీ పెడుతుంది. పైగా ఆయన చర్చికి వెళ్లేవాడు, ఈమె గుడికి వెళ్లేది. హైమావతి తమ్ముడు శేషగిరి ఆమె ఇంట్లోనే పక్క వాటాలో భార్య రాజ్యంతో కాపురం ఉంటున్నాడు. కాలనీ సంఘానికి కార్యదర్శి కూడా. ‘నలుగురూ’ అనే మాట లేకుండా అతని నోటివెంట వాక్యం రాదు.

ఆ వేసవిలో హైమావతి పాత స్నేహితురాలిని చూడ్డానికి బందరు వెళ్లింది. అదను చూసి శేషగిరి తన దగ్గరున్న తాళంచెవితో గది తెరిచాడు. మమ్మల్నందరినీ గోతాల్లోకి తొక్కి రిక్షా ఎక్కించాడు. ఇంట్లో అరిష్టం పోయిందన్నాడు. రాజ్యం గుమ్మంలో నిలబడి చూసింది. 

మమ్మల్ని పాత కాగితాల కొట్టులో పడేశారు. అటూ ఇటూ పాత వార్తాపత్రికల కట్టలు, తడిసిన అట్టపెట్టెలు. అక్కడే నా అట్ట చిరిగిపోయింది. కోరలతో సహా పోయింది, పీడా విరగడైంది. మమ్మల్ని లారీకెత్తారు. కాగితం మిల్లు అంటే ఏమిటో మా జాతికి చెప్పక్కర్లేదు. నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి, రేపు ఏ శుభలేఖగానో పుట్టిస్తారు. ముద్దనవడానికి నేను భయపడలేదు. శుభలేఖనవడానికి భయపడ్డాను.

హైమావతి తిరిగివచ్చి ఖాళీ గది చూసింది. ఆ తర్వాత జరిగింది ఆమే మాస్టారికి చెబుతుంటే విన్నాను.

“ఏరా శేషూ, నా పుస్తకాలేవి?”

“నీ మంచికే అక్కా. నలుగురూ ఏమనుకుంటున్నారో తెలుసా?”

“ఆ నలుగుర్నీ పిలువు. నేనే అడుగుతాను.”

 పెరట్లో బట్టలారేస్తున్న రాజ్యం, తీగ మీది చీర చాటునుంచే చెప్పింది. “ఏటుకూరు రోడ్డులో కాటా పక్క కొట్టు వదినా. ఇయ్యాల లోడెత్తుతారంట. బేగి వెళ్లండి.”

నాకు గోతంలోంచి లారీ ఇంజను మోత వినబడింది. మోత ఆగింది. డ్రైవరు గొంతు.

“అమ్మా, అడ్డం లేవండి. నాకు టైమైపోతోంది.”

“కాన్పుల వార్డులో చేశాను నాయనా. ఎదురుకాళ్ల బిడ్డ కోసం తెల్లవార్లూ నిలబడేదాన్ని. నీ లారీ ముందు నిలబడలేనా? కానీ, నడుపు.”

“చిత్తుకాగితాలకి ఇంత గొడవేందమ్మా?” అని కొట్టాయన విసుక్కున్నాడు.

“చిత్తని ఎవరు చెప్పారు? అమ్మినవాడివి కావవి. నావి.”

అప్పుడొక వింత జరిగింది. జీవితమంతా గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న దావీదు మాస్టారు, ఆమె వెంట వచ్చినాయన, చెప్పులు విడిచి, టైరు మీద కాలేసి లారీ ఎక్కాడు. మోకు విప్పాడు. ఎవరినీ అడగలేదు. ఒక్కో గోతం మూతి విప్పి, లోపలున్న పేర్లు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగారు. ‘రక్తపు వెన్నెల’ అని ఆయన అరుస్తుంటే కింద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఇంకా గట్టిగా చదివాడు. అట్టలేని నన్ను పురికొస కుట్లు చూసి గుర్తుపట్టి, “సిస్టరమ్మా, బారసాల దొరికింది!” అని చెయ్యి పైకెత్తాడు. కింద చేతులు చాచి నిలబడ్డ హైమావతి నన్ను అందుకున్న తీరు ఎలాంటిదో నేను చెప్పను. ఆమె వృత్తి మీకు తెలుసు.

అందరం దక్కలేదు. సగంమంది ముందురోజు లారీలోనే వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చాక ఆమె మమ్మల్ని మళ్లీ లోపలి గదిలో పెట్టలేదు. వడ్రంగిని పిలిచి వీధి వసారాలో బల్లలు కొట్టించింది. దారినపోయే ప్రతివాడికీ కనబడేలా వరసగా నిలబెట్టింది. మస్తాన్ పట్టా దగ్గరి ఆదివారాలు కూడా ఆ వసారాలోకే వచ్చాయి. రెండు కుర్చీలు, రెండు టీలు, అదే తగవు.

శేషగిరి ఒకరోజు గొంతు తగ్గించి అడిగాడు. “కనీసం లోపల కూర్చోవచ్చుగా అక్కా? అందరూ చూస్తున్నారు.”

“చూడాలనే కూర్చున్నాం.”

“ఇంతకీ ఆయన నీకేమవుతాడు?”

“స్నేహితుడు. ఆ మాటకి తెలుగులో ఇంకో అర్థం లేదు. వెతుక్కోమాక.”

పోయిన ఆదివారం సంఘం పెద్దలు శేషగిరి వాటా ముందు కూర్చుని మీటింగు పెట్టారు. మా వసారాకీ వాళ్లకీ మధ్య పిట్టగోడ ఒక్కటే. విషయం మేమేనని అందరికీ తెలుసు. రాజ్యం కాఫీలు తెచ్చి ఒక్కొక్కరికీ ఇచ్చింది. ఖాళీ పళ్లెం పిట్టగోడ మీద పెట్టి, గోడ చుట్టూ తిరిగి మా వసారాలోకి వచ్చింది. బల్ల మీదినుంచి నన్ను తీసుకుంది. “ఇది బాగుంటుందా వదినా?” అంది. హైమావతి తలూపింది. మాస్టారు లేచి నిలబడ్డాడు.

రాజ్యం తిరిగి వెళ్లి, అందరి మధ్యా శేషగిరి పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుని నన్ను తెరిచింది. పెద్దలు కాఫీ గుటకలు మింగడం మానేశారు. శేషగిరి కుర్చీ దగ్గరికొచ్చి వంగాడు.

“రాజ్యం, లోపలికెళ్లి చదువుకో.”

“లోపల వెలుతురు లేదు.”

“నలుగురున్నారే...”

“కనబడుతున్నారు” అంది ఆమె తలెత్తకుండానే. “ఇక్కడ పిల్లకి నొప్పులొచ్చాయి. కాసేపు మాట్లాడించమాకండి.”

వేలు తడుపుకుని, పేజీ తిప్పింది.