బారికేడు అవతలి కొట్టు

దర్జీ అమ్మాయి కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వీధి మొదట్లో ఆగింది. బళ్ళు లోపలికి రాకుండా బారికేడ్లు పెట్టేశారు. దారి పొడవునా హోటలు వాళ్ళ బల్లలు, కుర్చీలు, గొడుగులు.

"రిపేరు కొట్టు ఆ చివరుందన్నా. కాస్త దారివ్వు."

"తినడానికొచ్చేవాళ్ళకే దారి. వెనక సందులోంచి పో" అన్నాడు కాపలావాడు.

వెనక సందు తవ్వి వదిలేశారు. ఆమె బారికేడు పక్కనుంచి దూరబోయింది. వాడు భుజం పట్టి తోశాడు. ఆమె కిందపడి మోకాలు చీరుకుపోయింది. మిషను చక్రం విరిగి బల్లల కిందికి దొర్లింది. తింటున్నవాళ్ళు కాళ్ళు పక్కకు జరుపుకున్నారు, అంతే.

గుండీలు, లేసులు అమ్మే బాబాయి బారికేడుకి బయటున్న తన కొట్టు గుమ్మంలోంచి అంతా చూశాడు. చూసి, లోపలికెళ్ళి, సర్దిన లేసు చుట్టల్నే మళ్ళీ సర్దాడు. ఆ పిల్లని లేపి, మోకాలికి గుడ్డ కట్టి వచ్చింది అతని భార్య.

"నీ కళ్ళముందే గదా పడింది?"

"నేను చూళ్ళేదే."

ఆమె నెత్తురంటిన చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఆ సాయంత్రం వీధిలోని చిన్న కొట్లవాళ్ళంతా మిషనక్క దగ్గర చేరారు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆ కొట్టులో నిలబడ్డానికే చోటు లేదు.

"బరువు మోసుకొచ్చేవాళ్ళే మన గిరాకీ. బండి రాని వీధికి ఎవడొస్తాడు?" అన్నాడు ట్రంకుపెట్టెలాయన.

"వాళ్ళ బల్ల నా గుమ్మానికి ఆనించి వేశారు. నా కొట్లోకి నేనే పక్కకి తిరిగి దూరి పోవాలి" అన్నాడు తాళాలాయన.

"అసలు మనల్నెవరడిగారు?"

"మన కొట్ల సంఘం పెద్దని, బాబాయిని, అడిగారటగా!"

అందరూ బాబాయి వైపు తిరిగారు. అతను గొంతు సవరించుకున్నాడు. వెనకనుంచి హోటల్లో బల్లలు తుడిచే సర్వరు మాట్లాడాడు.

"ఈయన మా హోటలుకొచ్చిన రోజు టీ ఇచ్చింది నేనేనండి. 'మీ కొట్టుని బారికేడుకి బయటే వదిలేసి, దాని తర్వాతనుంచే అడ్డం పెడతాం, మీరు నోరు మెదపకండి చాలు' అన్నాడు మా ఓనరు. ఈయన తలూపాడు."

బాబాయికి చెవులు మండాయి. పదిమందిలో బట్టలిప్పి నిలబెట్టినట్టయింది.

"నీకెందుకురా మా గొడవ? మీ హోటలుకి లాభమేగా!" అని తాళాలాయన సర్వరు మీదికి లేచాడు.

"లాభం ఓనరుకండి. ఎండలో నిలబడి కాళ్ళు వాచేది మాకు. నీడకి గొడుగు మాక్కాదు, తినేవాళ్ళకి."

మిషనక్క నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంది. "విన్నారుగా. మనల్నీ ఈ సర్వర్లనీ తోసేది ఒకటే చెయ్యి. రేపు ఆ బల్లల మీదే మన పని చేద్దాం. వీధి అందరిదీ. బాబాయ్, తల దించుకుంటే సరిపోదు. నువ్వూ రావాలి."

మర్నాడు బల్లల మీదికి మిషన్లు ఎక్కాయి, తాళాలు ఎక్కాయి, పెట్టెలు ఎక్కాయి. బాబాయి కూడా లేసు చుట్టలు తెచ్చి ఓ కుర్చీలో కూర్చున్నాడు. ఓనరు పరిగెత్తుకొచ్చాడు. "లాగి పారెయ్యండ్రా!" సర్వర్లు పళ్ళేలు కింద పెట్టి చేతులు కట్టుకున్నారు. ఒక్కడూ కదల్లేదు.

పోలీసులొచ్చారు. మిషనక్కనీ, నిన్న మాట్లాడిన సర్వరునీ రెక్క పట్టి వ్యాను ఎక్కించారు. బాబాయి దగ్గరకొచ్చేసరికి ఎస్సై గొంతు మెత్తబడింది.

"మీరు ఇంటికెళ్ళండి పెద్దాయనా. మీ కొట్టుకేం నష్టం లేదుగా."

చెయ్యి చేసుకున్నా అంత తగిలేది కాదు. బాబాయి వీధి వైపు చూశాడు. తాళాలాయన చూస్తున్నాడు. భార్య చూస్తోంది. అతను ఎస్సైని తప్పించుకుని వెళ్ళి తనే వ్యాను ఎక్కాడు. మిషనక్క కాస్త జరిగింది. ఆ కాస్త చోటులో కూర్చుంటే సిగ్గు తగ్గలేదు సరిగదా, ఇంకా పెరిగింది. ఇంత తేలిక పని ఇన్నాళ్ళు చెయ్యలేదే అని.

వ్యాను కదిలింది. కిటికీలోంచి చూస్తే, మోకాలికి కట్టుతో ఆ దర్జీ అమ్మాయి కుంటుతూ వచ్చి, అతను లేచిన కుర్చీలో కూర్చుంటోంది. ఆమె వెనక సర్వర్లు బారికేడ్లు ఊడబీకుతున్నారు.