పొయ్యి దగ్గర దాహం

చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, పరదేశి మళ్లీ తెడ్డు అందుకున్నాడు. పెనంలో చెరకురసం మరిగి పైన మురికి తెట్టు కట్టింది. ఒంగి దాన్ని అంచుకు లాగాడు. నెల కిందట ఇలా ఒంగితే నడుములో పుట్టిన నొప్పి పిర్ర మీదుగా పిక్క దాకా జివ్వున పాకేది. ఇప్పుడేమీ లేదు.

నర్సీపట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ నడుంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసింది. "నాకు చెప్పకుండా ఇంకొకటి వేయించుకోవద్దు. నీకు షుగరుంది, ఈ మందుకి పెరుగుతుంది. దాహం ఆగకపోతే వెంటనే రావాలి," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పది రోజులకే కాలు మళ్లీ లాగింది. గానుగ యజమాని సూరన్న గారు బెల్లం వండడానికి వేరే మనిషిని వెతుకుతున్నారని తెలిసింది. ఇరవై రెండేళ్లుగా ఆ పొయ్యి పరదేశిది. ఒక్క పెనం మాడనివ్వలేదు. తన తెడ్డు ఇంకొకడు పట్టుకుంటాడన్న ఊహకే అతని గుండె చెరువైంది. ఊళ్లో సూదులు వేసే బుల్లిబాబు దగ్గరికి పోయి అదే మందు తుంటికి పొడిపించుకున్నాడు. వారానికొకటి, ఇప్పటికి మూడు.

"పొద్దుట్నుంచి బిందెడు నీళ్లు తాగేసినావు మావా. దాహమైతే బేగి రమ్మని డాకటరమ్మ సెప్పలేదేటి?" పొయ్యిలోకి చెరకుపిప్పి ఎగదోస్తూ అడిగింది భార్య కొండలమ్మ.

"పొయ్యికాడ దాహమెయ్యక మరేటేస్తాదే? ఏటేటా తాగుతున్నదే గదా."

నిజమే అనుకుంది పిచ్చితల్లి. ఆమె నోరూ ఎండిపోయే ఉంది. నిప్పు ముందు బతికేవాళ్లకి దాహం ఒక జబ్బని ఎలా తడుతుంది?

గడిచిన వారం రోజుల్లోనే అతని లుంగీ వదులైపోయింది. మాటిమాటికీ ఒంటికని చేనుగట్టుకి వెళ్లొస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నానికి పెనం అంచు కళ్లకి మసకబారింది. అలవాటు కొద్దీ పాకం కొంచెం తీసి, గిన్నెలోని చల్లనీళ్లలో వదిలాడు. వేళ్ల మధ్య ఉండ కడితే "దించండర్రా" అని అరవాలి. ఆ అరుపు వినందే కూలీలు పెనం ముట్టరు, అది అక్కడి కట్టుబాటు.

"తల తిరుగుతంది. సిటికె సేపు కూకుంటాను," అని గిన్నెతో సహా పిప్పికుప్పకు ఆనుకున్నాడు. నొప్పి లేకుండా కూర్చోవడం ఎంత హాయి! సీజను ముగిసేదాకా ఇంకో నెల ఇలా గడిస్తే చాలు, పొయ్యి తనదే. కళ్లు మూతలు పడ్డాయి.

కూలీలు అరుపు కోసం చూస్తూ నిలబడ్డారు. కొండలమ్మ పిప్పి వేస్తూనే ఉంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ షెడ్డులో మాడు వాసన లేచింది.

"మావా, అడుగంటుతంది!" అంటూ వెళ్లి భుజం కుదిపింది. అతను పక్కకి ఒరిగిపోయాడు. ఆమె కేకకి కూలీలు పెనం వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

పిప్పికుప్ప పక్కన, గిన్నెలో నీళ్ల అడుగున, ఎవరూ తీసి చూడని పాకం గట్టిపడి ఉంది.