గోడ వైపు చూడు

స్టూలెక్కి ఆమె తుపాకీ తుడుస్తోంది. ముందు పొడి గుడ్డతో, తర్వాత నూనె చుక్క వేసిన గుడ్డతో. ఫ్యాను రెక్కలకి నెలల తరబడి దుమ్ము పట్టినా ఎవరి కంటికీ ఆనదు గానీ, హాలు గోడ మీది ఆ తుపాకీ మీద వేలిముద్ర పడితే ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. అది మామగారిది. ఆయన పోయాక లైసెన్సు అత్తగారి పేరు మీదికి మారింది, పెత్తనం కొడుక్కి వచ్చింది, తుడిచే పని కోడలికి మిగిలింది. కానీ దాన్ని మగవాళ్లే కిందికి దించాలి. ఆడవాళ్లు వేలాడుతున్న చోటే తుడవాలి. ఆ ఇంటి ఆనవాయితీ అది. మెడ ఎత్తి, చేతులు చాచి తుడిచి తుడిచి ఆమెకి భుజాలు లాగేస్తుంటాయి.

"మా ఇంటి పరువది, జాగ్రత్త" అని పెళ్లయిన కొత్తలో భర్త చెప్తే నిజమే కాబోలనుకుంది. ఆ పరువు ఇంతవరకూ ఒక్క దొంగనీ బెదిరించలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు, ఆమె ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు, పుట్టింటికి వెళ్తానన్నప్పుడు మాత్రం బాగా పనికొచ్చింది. అతను చెయ్యెత్తడు, గొంతు పెంచడు. నవ్వుతూ "ఒక్కసారి గోడ వైపు చూడు" అంటాడు. చుట్టాలు పగలబడి నవ్వుతారు. "మీ ఆయన ఎంత సరదా మనిషమ్మా!" అంటారు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే గోడకి దూరంగా జరిగేది. "ఖాళీదేగా, అంత భయమేంటే?" అనేవాడు. ఖాళీ తుపాకీతో ఒక మనిషిని ఇన్నేళ్లు కదలకుండా కూర్చోబెట్టొచ్చని ఆమెకి తెలుసు. అత్తగారికీ తెలిసే ఉండాలి. ఆ 'గోడ వైపు చూడు' అనే మాట మామగారిదేనట, కొడుక్కి తుపాకీతో పాటే వచ్చింది.

కింద నేల మీద కూర్చుని కూతురు బొమ్మకి ఉత్తుత్తి అన్నం తినిపిస్తోంది. "తినవా? తినవూ?" అని బుజ్జగించింది. తర్వాత గొంతు తగ్గించి, అచ్చం తండ్రిలా నవ్వుతూ, "ఒక్కసారి గోడ వైపు చూడు" అంది. బొమ్మ చూడకపోయేసరికి దాని తల పట్టుకుని తిప్పింది.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

కుర్చీలో భర్త పకపకా నవ్వాడు. "విన్నావా అమ్మా! నా కూతురు, అంతే!"

పక్కనే కూర్చున్న అత్తగారు నవ్వలేదు.

ఆమె మేకుల మీంచి తుపాకీ ఎత్తింది. ఎంత బరువో అనుకునేది ఇన్నాళ్లూ. నిద్రపోయిన పిల్లని మోసిన చేతులకి అదేం బరువు! గబగబా స్టూలు దిగి, పాత దుప్పట్లో చుట్టింది.

"ఏయ్, దించావేంటి? ఎక్కడికది?"

"పోలీస్ స్టేషన్లో అప్పజెప్పడానికి."

"నీ బాబు సొమ్మా? లైసెన్సు ఎవరి పేరు మీదుందో తెలుసా?"

"నా పేరు మీద" అంటూ అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఉండమ్మా, చెప్పులేసుకొస్తా."

"అమ్మా! నాన్న గుర్తది!"

"గుర్తుందిరా. అన్నీ గుర్తున్నాయి."

అతను ఏదో అనబోయి, అలవాటు కొద్దీ గోడ వైపు చూశాడు. రెండు మేకులు, వాటి మధ్య రంగు మాయని పొడవాటి చార.

దుప్పటి మూట భుజానికెత్తుకుని ఆమె తలుపు దగ్గర నిలబడింది. వీపు తనంతట తనే నిటారైంది. ఈ ఇంటి పరువుని మొదటిసారి తన చేతులతో మోస్తోంది. అత్తాకోడళ్లు మెట్లు దిగారు.

కూతురు ఒక్క క్షణం తండ్రిని చూసింది. బొమ్మ తలని మళ్లీ ముందుకు తిప్పి, చంకనెత్తుకుని, వాళ్ల వెనకాలే గడప దాటింది.