పెట్టె మీద పదిహేను

అరుణకు కావలసిందల్లా ఒక్క మాట. రుద్రారం కాలేజీ గేటు ఎదురుగా కాఫీ బండి పెట్టుకోవడానికి మామ సంగప్ప సరేనాలి. తెల్లాపూర్ ఫ్లాట్లలో ఎవరో వాడి అమ్మేసిన ఎస్ప్రెసో మిషన్ వంటింటి గట్టెక్కి వారమైంది. ఆయన ప్లగ్గు పెట్టనిస్తే కదా.

సంగప్ప జిన్నారంలోని మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా బాయిలర్ నడుపుతున్నాడు. మిషన్ పెట్టె మీద ‘15 బార్’ అన్న ప్రెషర్ అంకె చూసిన రోజే ఆయన ముఖం మాడిపోయింది.

"మా బాయిలరే పది దాటితే సేఫ్టీ వాల్వు లేస్తది బిడ్డా. గిది వంటింట్ల పదిహేనా? ఇంట్ల వద్దు, బండి మీద గూడ వద్దు."

అరుణకు ఒళ్లు మండింది. కోడలు రోడ్డు మీద నిలబడి కాఫీ అమ్మితే నలుగురూ నవ్వుతారని ఈయన బాధ, ప్రెషర్ ఒక కుంటిసాకు అనుకుంది.

"అది ఆవిరి కాదు మామా, పంపు నీళ్లను నెట్టుడే. నమ్మకుంటే నువ్వే కొలువు," అంది.

కొలవమంటే సంగప్ప కాదనే మనిషి కాదు. పటాన్‌చెరు లేత్ షాపులో ఇత్తడి జాయింటు ఒకటి చేయించుకొచ్చాడు. ఆదివారం పొద్దున, కాఫీపొడి నింపే హ్యాండిల్ అడుగున కాఫీ కారే ముక్కు విప్పేసి, అక్కడ ఆ జాయింటుతో ప్రెషర్ కొలిచే తన గేజీ బిగించాడు. మిషన్‌కు ముందే ఉన్న గేజీని కన్నెత్తి కూడా చూడలేదు. ఒకరి గేజీని ఇంకొకరు నమ్మడం బాయిలర్ వాళ్లలో లేదు.

"నువ్వు తలుపు అవతలికి పో."

"మరి నువ్వు?"

"గేజీకి ఎదురుంగ నిలబడ, పక్కకుంట. నాకెరుకే గని నువ్వు పో."

పంపు గుర్రుమంది. అరుణ తలుపు సందులోంచి చూస్తోంది. ముల్లు నాలుగుకెక్కింది, ఏడుకెక్కింది, తొమ్మిది దాటి వెంట్రుకవాసి పోయి ఆగింది. సంగప్ప అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. ముల్లు కదల్లేదు. మూడుసార్లు కొలిచినా అదే లెక్క.

అరుణ ఊపిరి పీల్చుకునేలోగా ఆయన మండిపడ్డాడు.

"పదిహేనని రాసి తొమ్మిదే ఇస్తదా? మోసం బిడ్డా ఇది. వాపస్ ఇచ్చెయ్."

అరుణకు నవ్వాగలేదు. "కాఫీకి తొమ్మిదే కావాలె మామా. పదిహేను పంపుకున్న బలం. గంత రానియ్యకుండ లోపల వాల్వున్నది, మీ బాయిలర్‌కు ఉన్నట్టే."

"ఆ ముక్క ముందుగాల చెప్పొద్దా?"

"చెప్పనిచ్చినవా? నేను బండి పెడితే నీకు నామోషీ అనుకున్న."

"నామోషీ ఏంది?" సంగప్ప గేజీ విప్పుతూ అన్నాడు. "మాతోని పనిచేసిన యాదన్నకు గేజీ అద్దం పగిలి కన్ను పోయింది. నువ్వు దినామంత దీని ముందలనే నిలబడాలె. నీకేమన్న అయితే నేను బతుకుతనా?"

అరుణకు వారం నుంచి మనసులో ఈయన్ను ఎన్నెన్ని తిట్టుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని కాఫీపొడి డబ్బా అందుకుంది.

"బండి ఎప్పుడు పెడుతున్నవ్?" అడిగాడు సంగప్ప.

"గురువారం అనుకుంటున్న."

"గురువారం నాకు డ్యూటీ ఉన్నది. బుధవారం పెట్టు."