అటుపక్క నుంచి చూసిన గుంత

నేను డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్తాను. నా చూపంటే నాకే గొప్ప. ఎప్పుడో ఆకాశం నుంచి రాయి పడి ఏర్పడిన గుంతలు మన వైపు ఉన్నాయేమో అని ఏడాదిగా ఫోన్‌లో మ్యాప్ తెరిచి వెతుకుతున్నాను. గుండ్రంగా కనిపించినవి పదకొండు రాసుకున్నాను. వాటిలో ఒక్కదాన్ని చూడటానికి ఇలాంటి గుంతల మీద పరిశోధన చేసే శ్యాంసుందర్ సార్ హైదరాబాద్ నుంచి ఆదివారం వస్తానన్నారు. నేను చూపించింది తప్పని తేలితే ఆయన మళ్ళీ రారు, నా మాట ఇంకెవరూ వినరు.

శనివారం పొద్దున, ములుగు అవతల ఉన్నదాన్ని జాబితాలోంచి కొట్టేశాను. "ఇది గుంత కాదు, గుట్ట," అని పైకే అనుకున్నాను. నడుమ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

మగ్గం నుంచి దించిన జంపఖానాను అత్తమ్మ రాజక్క నా ముందే పరిచింది. కాశిబుగ్గలో నలభై ఏళ్ళుగా నేస్తోంది. ఒక కొస నుంచి చూసి, లేచి రెండో కొసకు పోయి మళ్ళీ చూస్తుంది. ఒక్క వైపు నుంచే చూస్తే తప్పు దాక్కుంటుందని ఆమె నమ్మకం. అటు పోతూ కింద ఉన్న నా ఫోన్ మీద కన్నేసింది.

"ఇది గుంత గాదె సుభాషిణీ? గుట్ట అంటానవేంది?"

"అత్తమ్మా, అది జంపఖానా కాదు. జర నన్ను పని చేసుకోనియ్యి."

"ఫికర్ చెయ్యకు, నీ చదువు యాడికి పోదు. ఇటొచ్చి చూడు."

ఆమెను ఓడించడానికే లేచాను. ఆమె పక్కన కూర్చుని చూస్తే గుట్ట కాస్తా లోపలికి కుంగిపోయింది. ఫోటోలో ఎండ కింది వైపు నుంచి పడింది. మన కన్నేమో వెలుతురు పైనుంచే వస్తుందనుకుని గుంతను గుట్టగా చూపిస్తుంది. పిల్లలకు ఏటా నేను చెప్పే పాఠమే ఇది. సిగ్గుతో చెవులు కాలాయి. కొట్టేసినదాన్ని మళ్ళీ రాసుకుని, సార్‌కు దాన్నే చూపించాలనుకున్నాను.

ఆదివారం సార్, నేను, అత్తమ్మ జీపులో ములుగు దాటి, ఇంకో గంట నడిచాం. గట్టెక్కితే కింద తాంబాళంలా గుంత. సార్ వంగి ఒక రాయి తీసి, తిప్పి తిప్పి చూశారు.

"రాళ్ళు ల్యాబ్‌లో చూడందే తేల్చలేం. కానీ చూడాల్సిన చోటే. మ్యాప్‌లో నేనూ దీన్ని చూశాను, గుట్ట అనుకుని వదిలేశాను. ఎవరు పట్టుకున్నారమ్మా?"

నా పేరు నోటిదాకా వచ్చిన మాట నిజం.

"మా అత్తమ్మ సార్!" అన్నాను. గర్వంతో నా గొంతు గట్టు మీద మోగింది.

సార్ ఆమె పేరు అడిగి, గుంతను గుర్తించినవారి వివరాల ఫారంలో రాజక్క అని రాసి, వృత్తి దగ్గర ఆగి ఆమె వైపు చూశారు.

"జంపఖానాలు నేస్త అని రాయుండ్రి సారు," అంది అత్తమ్మ. "తప్పు పోనియ్య అని గూడ రాయుండ్రి."

సార్ ఆ రెండోది కూడా రాశారు.